కోడికి మంజూరైన ఇరవై ఎనిమిది రోజులు

తేనెటీగకు నాలుగు కాళ్లుంటాయని ఏడో తరగతి పిల్లవాడొకడు టీవీలో చెప్పాడు. గొడవంతా అక్కడ మొదలైంది.

అవి ఊరికొక్క టీవీ ఉంటే గొప్ప అనుకునే రోజులు. రాజధానిలోని దృశ్యవాణి కేంద్రంలో రికార్డు చేసే టేపులు బంగారం కన్నా అపురూపం. వాటిని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవిని ఇంకో బీరువాలో పెట్టేవారు. అందుచేత వార్తలైనా, పాటలైనా, వరిచేలో పురుగు మందు సలహాలైనా, పిల్లల క్విజ్‌ పోటీలైనా అప్పటికప్పుడు ప్రత్యక్షంగా వెళ్లిపోవలసిందే. నోట్లోంచి మాట జారితే ఎనిమిది జిల్లాల్లో వినపడ్డట్టే. మళ్లీ లాక్కుందామంటే అదేం చేంతాడు కాదు.

పిల్లవాడి మాటకు ప్రశ్నలడిగే అమ్మాయి "తప్పు" అని వెంటనే చెప్పింది. అయినా ఏం లాభం? మర్నాడు శాసనసభలో ఒక సభ్యుడు లేచి, "తేనెటీగ మిగతా రెండు కాళ్లు ఏమైపోయాయో ప్రభుత్వం ఈ సభకు చెప్పి తీరాలి" అని పట్టుబట్టాడు. మూడో రోజుకల్లా కేంద్ర సంచాలకులు పరాంకుశం గారు పద్నాలుగో నంబరు సర్క్యులర్‌ జారీ చేశారు.

"ఈ కేంద్రము నుండి ప్రసారమగు జవాబులన్నియు సరియైన జవాబులే యై యుండవలెను. తప్పు జవాబును తప్పని వెంటనే తెలియజేసినను, తప్పు ప్రసారమైనట్లే భావించబడును."

క్విజ్‌ కార్యక్రమం చూసే ప్రొడ్యూసర్‌ సచ్చిదానందం గారు ఆ కాగితం చదివి తల గోక్కున్నాడు. మంచివాడు. సర్క్యులర్‌ అంటే భయమూ భక్తీ సమానంగా ఉన్నవాడు.

"అందరూ సరైన జవాబే చెబితే మరి ఓడేదెవరండీ?" అని అడిగాడు.

పరాంకుశం గారు రెండు రోజులు ఆలోచించారు. పదిహేనో నంబరు సర్క్యులర్‌ పుట్టింది. "ఓటమి యనునది వేగమునకు సంబంధించినదే గాని జ్ఞానమునకు సంబంధించినది కాదు." అంటే ఇద్దరు పోటీదారులకూ జవాబులు ముందే టైపు కొట్టి ఇస్తారు. ఒకరు గబుక్కున చెబుతారు. వాళ్లకు పది మార్కులు. రెండో వాళ్లు నిదానంగా అదే జవాబు చెబుతారు. వాళ్లకు ఐదు. ఎవరు నిదానించాలనేది ఆ పూట అదృష్టానికి వదిలేయడం ప్రభుత్వ సంస్థకు మర్యాద కాదు కాబట్టి అదీ ముందే నిర్ణయమైపోతుంది. గబుక్కున చెప్పేవారికి ఫైలులో 'శీఘ్రగతి అభ్యర్థి' అని పేరు. రెండోవారు 'మందగతి అభ్యర్థి'.

రాళ్లకుంట ఉన్నత పాఠశాల తొమ్మిదో తరగతి పుష్పలీల మందగతి అభ్యర్థిగా ఎంపికైంది ఇలాగే.

ఆ సంగతి ఆ పిల్లకు తెలియదు. తాలూకా మొత్తం మీద రాతపరీక్షలో మొదటి స్థానం వచ్చింది గనక పిలిచారనుకుంది. పుష్పలీలకు రాయడం వచ్చినట్టు మాట్లాడటం రాదు. మాష్టారు హాజరు పిలిస్తే ఆమె "ఉన్నా సార్‌" అన్నది పక్కనున్న పిల్లకు మాత్రమే వినపడుతుంది. ఆ పిల్ల మళ్లీ గట్టిగా చెప్పాలి. ఎంపిక రోజున కేంద్రంలో సచ్చిదానందం గారు "నీ పేరేంటమ్మా?" అని అడిగి చేతి గడియారం చూసుకున్నాడు. పేరు బయటికి రావడానికి పదకొండు సెకన్లు పట్టింది. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇది నేర్పితే వచ్చే విద్య కాదు. పుట్టుకతో రావాలి" అని పక్కవారితో అంటూ కాగితం మీద గట్టిగా టిక్కు పెట్టాడు.

పుష్పలీల మాత్రం ఊరంతా మోసుకెళ్లేంత ఆశతో తిరిగొచ్చింది. గెలిచిన బడికి అద్దాల తలుపుల అలమర ఒకటి, దాన్నిండా రెండు వందల పుస్తకాలు ఇస్తారట. రాళ్లకుంట బడి గ్రంథాలయం ఒక రేకు పెట్టె. అందులో పదకొండు పుస్తకాలు. పుష్పలీల అన్నీ నాలుగేసి సార్లు చదివింది. ఆ పదకొండింట్లో ఒకటి 'వరిలో దోమపోటు నివారణ'. అది కూడా నాలుగుసార్లు చదివింది. చదవడానికి ఇంకేమీ లేకపోతే తన డైరీయే తిరగేసి చదువుకునేది.

ఆ డైరీ ఎరువుల కంపెనీ వాళ్లు పంచిపెట్టింది. అందులో సగం ఆమె మనసులో మాటలు, సగం నాయనమ్మ కోళ్ల లెక్కలు. నాయనమ్మ బుచ్చమ్మకు అక్షరం ముక్క రాదు, కోళ్ల విద్య మాత్రం కొట్టిన పిండి. ఏ కోడిని ఏనాడు పొదగేసింది, ఎన్ని గుడ్లు పెట్టింది, ఏనాడు పిల్లలయ్యాయి అనేది మనవరాలి చేత రాయించేది. రాత మీద నమ్మకం లేక ప్రతి లెక్క కిందా తన వేలిముద్ర వేసేది. "రేషను కార్డుకే ఏస్తరు, గింత పెద్ద లెక్కకు ఎయ్యొద్దా?" అనేది.

---

ప్రసారానికి వారం ముందు, శనివారం పొద్దున, రిహార్సల్‌కు రమ్మని కబురొచ్చింది. పుష్పలీలను సైన్సు చెప్పే సైదులు సారు వెంటబెట్టుకొచ్చాడు. తొలి బస్సెక్కి వచ్చినా ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ నలగలేదు. దారిపొడుగునా నిలబడే వచ్చాడు.

స్టూడియో అంటే పెద్ద గోదాము. కింద తాచుపాముల్లా వైర్లు. పైన వేలాడే దీపాల కింద నిలబడితే పెనం మీద రొట్టె అయినట్టుంటుంది. చెవులకు డిప్పలు తగిలించుకుని అటూ ఇటూ తిరిగే ఖాదర్‌ భాయ్‌ ఫ్లోర్‌ మేనేజరు. ప్రసారం జరిగేటప్పుడు నోరు మెదపకూడదు కాబట్టి ఆయన చేతులతోనే పని నడిపిస్తాడు. అరచెయ్యి చూపితే ఆగమని. వేలు తిప్పితే తొందరగా కానిమ్మని. రెండు చేతులతో రబ్బరు సాగదీసినట్టు చూపితే, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి, సాగదీయండి అని. ఐదు సెకన్లకు మించి నిశ్శబ్దం ప్రసారం కాకూడదని అంతకుముందే ఎనిమిదో నంబరు సర్క్యులర్‌ ఉంది.

పరాంకుశం గారు వచ్చి కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టారు.

"చిరంజీవి శ్రీకర్‌, నగరంలోని కాన్వెంటు పాఠశాల, శీఘ్రగతి అభ్యర్థి. చిరంజీవి పుష్పలీల, గ్రామీణ ప్రాంతం, మందగతి అభ్యర్థి. ఉభయులకూ ఈ కేంద్రం శుభాకాంక్షలు తెలియజేయడమైనది."

సైదులు సారు చెయ్యెత్తాడు. "అంటే సార్‌, మా పిల్ల ఓడిపోవాల్నని ముందే రాసి పెట్టిన్రా?"

"ఓడిపోవడం అనకండి. ఆలస్యంగా గెలవడం."

"మరి అలమర గూడ ఆలస్యంగా ఇస్తరా సార్‌?"

"అలమర శీఘ్రగతికి. మందగతికి ప్రశంసాపత్రం. లామినేషన్‌ చేయించి ఇవ్వాలనే ప్రతిపాదన పరిశీలనలో ఉంది."

పుష్పలీలకు రెండు వందల పుస్తకాలూ ఒక్కొక్కటే అద్దాల తలుపులోంచి దిగి వెళ్లిపోతున్నట్టు కనిపించాయి. నోరు తెరిచింది. మాట రాలేదు. దాన్ని సచ్చిదానందం గారు రిహార్సల్‌ అనుకుని, "అదే, అదే! అలాగే పట్టుకో" అని మెచ్చుకున్నాడు.

ఇద్దరినీ బల్లల వెనక కూర్చోబెట్టారు. చెరో గంట. పుష్పలీల తన గంట నొక్కి చూసింది. మోగలేదు.

"దానికి వైరు లేదు బేటీ," అన్నాడు ఖాదర్‌ భాయ్‌ జాలిగా. "నొక్కాలె. మోగొద్దు. హిఫాజత్‌ కోసం, భద్రతకని తీసేసిన్రు."

జవాబుల కాగితం చేతికిచ్చారు. పది ప్రశ్నలు, పది జవాబులు. తొమ్మిదింటి వరకూ బాగానే ఉన్నాయి. పదోది చూసి పుష్పలీల ఆగిపోయింది. 'కోడి పొదిగిన గుడ్డు ఎన్ని రోజులకు పిల్ల అవుతుంది? జ: ఇరవై ఎనిమిది.'

ఈ పదో ప్రశ్న సచ్చిదానందం గారి కలల పంట. జవాబు చెప్పగానే రెండో కెమెరా పక్కకు తిరిగి, అక్కడ గంపలో నిజం కోడి కింద నిజం గుడ్డు పగిలి నిజం పిల్ల బయటికి రావడం ఎనిమిది జిల్లాల ప్రజలకు ప్రత్యక్షంగా చూపించాలి. అందుకోసం జవాబు ఎంతని సంబంధిత శాఖకు రాస్తే, అక్కడి గుమాస్తా ఏ కాగితం తిరగేశాడో గాని, 'ఇరవై ఎనిమిది రోజులు' అని సమాధానం వచ్చింది. దాన్ని బట్టి ప్రసారానికి సరిగ్గా ఇరవై ఎనిమిది రోజుల ముందు ఒక కోడిని తెచ్చి సెట్టు సామాన్ల గదిలో పొదగేశారు. కేంద్రంలో కనిపించేవారెవరైనా ఒప్పందం లేకుండా కనిపించకూడదు కాబట్టి దాన్ని 'తాత్కాలిక కళాకారిణి'గా నమోదు చేసి, ఇరవై ఎనిమిది రోజులు మంజూరు చేశారు. తండ్రి పేరు దగ్గర 'తెలియదు' అని రాశారు. సంతకం దగ్గర కోడి కాలిముద్ర ఉంది.

"ఇరవై ఒకటి," అంది పుష్పలీల.

అడగకుండా ఆమె మాట్లాడటం పుట్టిన తర్వాత బహుశా అదే మొదటిసారి. సైదులు సారే ఉలిక్కిపడి చూశాడు.

"ఏమన్నావు పాపా?" అన్నారు పరాంకుశం గారు.

"కోడికి... ఇరవై ఒక్క దినం సార్‌. ఇరవై ఎనిమిది బాతుకు."

"ఫైలులో బాతు ప్రస్తావన లేదు." ఆయన ఫైలు తెప్పించి తెరిచారు. "చూడు, ఈ ఇరవై ఎనిమిది మీద పదకొండు సంతకాలున్నాయి. నీ ఇరవై ఒకటి మీద ఎన్నున్నాయి?"

పుష్పలీల సంచీలోంచి డైరీ తీసి బల్ల మీద పెట్టింది. మూడేళ్లలో పద్నాలుగు పొదుగులు. ప్రతి దాని కిందా నల్లగా బుచ్చమ్మ బొటనవేలు.

పరాంకుశం గారు డైరీని రెండు వేళ్లతో తిరగేసి, "ఇవన్నీ ఒకే అధికారి ముద్రలు. పై అధికారి ధ్రువీకరణ లేదు," అన్నారు.

అప్పుడే సామాన్ల గది వైపు నుంచి ఖాదర్‌ భాయ్‌ పరుగెత్తుకొచ్చాడు. "సాబ్‌! కోడి కింద పిల్లలు తిరుగుతున్నయ్‌! ఎనిమిది!"

అందరూ వెళ్లి చూశారు. గంపలో పెంకుల మధ్య ఎనిమిది కోడిపిల్లలు తడితడిగా, పసుపుపచ్చగా కిచకిచమంటున్నాయి. గుడ్లు పొదగేసి ఆ రోజుకు సరిగ్గా మూడు వారాలు.

శ్రీకర్‌ మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. "నేను కోడిని ఇంత దగ్గరగా చూడ్డం ఇదే," అని పుష్పలీలతో రహస్యంగా అన్నాడు. కళ్లద్దాల వెనక వాడి కళ్లు గుడ్లంతయ్యాయి.

"చూసిన్రా సార్‌? మా పిల్ల చెప్పిందే కరెక్టు గదా!" అన్నాడు సైదులు సారు.

పరాంకుశం గారు కోడిపిల్లల వైపు చూసి, "ఎవరి అనుమతితో?" అన్నారు.

కోడి 'కొక్‌' అంది.

"ఇది రిహార్సల్‌ రోజు. కనుక ఇది రిహార్సల్‌ పొదుగు. అసలు పొదుగు వచ్చే శనివారం జరుగుతుంది."

"గుడ్లెక్కడివి సార్‌?" అన్నాడు సచ్చిదానందం గారు నీళ్లు నములుతూ.

"కొత్తవి పెట్టండి. కోడికి మంజూరైన ఇరవై ఎనిమిది రోజుల్లో ఇంకా ఏడు రోజులు మిగిలే ఉన్నాయి. మంజూరైన రోజుల్ని వృథా చేస్తే ఆడిట్‌ వాళ్లు అడుగుతారు."

"ఏడు దినాలల్ల గుడ్డు పిల్లగాదు సార్‌," అని పుష్పలీల గొణిగింది. గొంతు మళ్లీ మామూలైపోయింది. సైదులు సారుకు తప్ప ఎవరికీ వినపడలేదు.

కోడిపిల్లల్ని ఒక అట్టపెట్టెలో వేసి, పైన మూత లేకపోవడంతో దగ్గర్లో ఉన్న పెద్ద అట్టను కప్పి, దాన్ని మేకప్‌ గదిలో ఒక మూల పెట్టారు. రాత ఉన్న వైపు కిందికి ఉండటంతో, రోజూ నూకలు వేసినవారు కూడా ఆ అట్ట మీద ఏముందో చూడలేదు. కోడి కింద తొమ్మిది కొత్త గుడ్లు చేరాయి. కోడి ముక్కుతో ఒక్కోటీ తిప్పి చూసుకుని, ఈ కొలువులో ఇంతేలే అన్నట్టు మళ్లీ కూర్చుంది.

ఇంటికొచ్చి చెబితే బుచ్చమ్మ నవ్వలేదు. వక్క పలుకు బుగ్గన పెట్టుకుని, "ఊరంత పంచాయితి టీవీ ముంగట కూసుంటది. నా మనవరాలు ఇరవై ఎనిమిది అన్నదనుకో, రేపటిసంది నా గంపను ఎవడు నమ్ముతడే?" అంది. వక్క కటుక్కున కొరికి, "సరే తియ్, సర్కారోళ్లు చెప్పుమంటే చెప్పక తప్పుతదా," అని అటు తిరిగి పడుకుంది.

పుష్పలీల ఆ రాత్రి డైరీలో ఒక్క ముక్కే రాసింది. 'అలమర పోయింది. లెక్క కూడా పోతుందేమో.'

---

శనివారం సాయంత్రం ఆరున్నర. ఎర్రదీపం వెలిగింది.

ముఖానికి పూసిన పౌడరు చెమటకు బంకలా అతుక్కుంది. పుష్పలీలకు కెమెరా అంటే భయం లేదు. దాని వెనకాల రాళ్లకుంట పంచాయితీ ఆఫీసు ముందు, గోనె పట్టా మీద మొదటి వరుసలో కూర్చున్న నాయనమ్మ అంటేనే భయం.

ప్రశ్నలడిగే మాధవీలత గారు నవ్వు ముఖంతో మొదలుపెట్టింది. తొమ్మిది ప్రశ్నలూ ఫైలు చెప్పినట్టే నడిచాయి. శ్రీకర్‌ గంట ట్రింగ్‌. జవాబు. పుష్పలీల మోగని గంట నొక్కడం, నాలుగు సెకన్లు ఆలోచించడం, అదే జవాబు మెల్లగా చెప్పడం. ఆలోచిస్తున్నప్పుడు గడ్డం కింద చెయ్యి పెట్టుకోవాలని కూడా కాగితంలో ఉంది. పెట్టుకుంది. తొంభై, నలభై ఐదు.

"ఇక చివరిది, పదో ప్రశ్న. కోడి పొదిగిన గుడ్డు ఎన్ని రోజులకు పిల్ల అవుతుంది?"

ట్రింగ్‌. "ఇరవై ఎనిమిది," అన్నాడు శ్రీకర్‌. వాడి గొంతు అదోలా ఉంది. వాడు పోయిన శనివారం ఆ పిల్లల్ని కళ్లారా చూశాడు మరి.

"సరైన జవాబు! పుష్పలీల?"

నాలుగు సెకన్లయ్యాయి. ఐదయ్యాయి. పుష్పలీల గడ్డం కింద చెయ్యి తియ్యలేదు. నోరు మెదిపితే ఇరవై ఎనిమిది రావాలి. ఆమె పెదవులు బిగించి గంప వైపు చూసింది.

మాధవీలత గారు తెలివైన మనిషి. నిశ్శబ్దం ముదరకముందే, "పుష్పలీల ఆలోచిస్తూ ఉంటుంది. ఈలోగా ఆ అద్భుతాన్ని మనం కళ్లారా చూద్దాం!" అని గంప వైపు చెయ్యి చాపింది.

రెండో కెమెరా గంప వైపు తిరిగింది. కోడిని పక్కకు జరిపారు. తొమ్మిది గుడ్లు. ఎనిమిది జిల్లాలు ఊపిరి బిగబట్టాయి. గుడ్లు గుడ్లలాగే ఉన్నాయి. కోడి కెమెరాను చూసి ఒక కన్ను మూసి తెరిచింది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. ఎనిమిదో నంబరు సర్క్యులర్‌ ఉల్లంఘన మొదలైంది.

పైన అద్దాల గదిలో పరాంకుశం గారు కుర్చీలోంచి లేచిపోయారు. "అంతరాయం బోర్డు! వెంటనే అంతరాయం బోర్డు చూపించండి!"

'అంతరాయానికి చింతిస్తున్నాము' అని రాసిన పెద్ద అట్ట ఒకటి ప్రతి కేంద్రానికీ ఉంటుంది. ఏ గండం వచ్చినా దాన్ని మూడో కెమెరా ముందు నిలబెడతారు. కాని ఇప్పుడది ఉండవలసిన చోట లేదు. స్టూడియోలో సహాయకులంతా స్టూలు కింద, తెర వెనక వెతకడం మొదలుపెట్టారు.

ఇంతలో ఖాదర్‌ భాయ్‌ కెమెరాల మధ్యకొచ్చి రెండు చేతులతో రబ్బరు సాగదీయసాగాడు. సాగదీయండి, ఎవరో ఒకరు, ఏదో ఒకటి! మాధవీలత గారి చేతిలో ఇంకే కాగితమూ లేదు. కాగితం లేకుండా మాట్లాడటానికి ఆమెకు అనుమతి లేదు.

శ్రీకర్‌ పుష్పలీల వైపు తిరిగాడు. అది ఫైలులో లేని ప్రశ్న.

"నిజంగా అడుగుతున్నా. అందులో పిల్ల ఉందని నీకెలా తెలుస్తుంది?"

పుష్పలీల వాణ్ని చూసింది. ఆమె దృష్టిలోంచి కెమెరా పోయింది, దీపాలు పోయాయి. అడిగినవాడికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది. ఆమెకు నిజంగానే తెలుసు. అంతకంటే ఏం కావాలి?

లేచి గంప దగ్గరికి నడిచింది. ఒక గుడ్డు చేతిలోకి తీసుకుని, పైనున్న పెద్ద దీపానికి అడ్డంగా పట్టింది. రెండో కెమెరా ఆమె చేతి మీదికి వచ్చింది.

"ఇగో, చూడు. లోపట ఎర్రగ సాలెగూడు లెక్క కనిపిస్తుందా? నడుమ చుక్క. అది కొట్టుకుంటది చూడు. ఏడు దినాల గుడ్డు గిట్లనే ఉంటది. మా నాయినమ్మ కందిలి దీపం ముంగట పెట్టి చూస్తది. చుక్క లేకపోతే మురిగినట్టు, తీసేస్తది."

"మరి పిల్ల?"

"ఇంక శాన ఉన్నది. పదునెనిమిదో నాడు గోరువెచ్చని నీళ్లల్ల ఇడిస్తే పాణమున్న గుడ్డు దానంతట అదే ఊగుతది. ఇరవయ్యో నాడు లోపలికెల్లి టిక్కుటిక్కుమని కొడతది. తల్లి బయటికెల్లి కొక్కొక్కొక్‌ అని పిలుస్తది. మనం పలగ్గొట్టొద్దు. ఎంత ఆలిశమైనా అదే పలగ్గొట్టుకొని రావాలె. మనం తొందరపడి పెంకు తీసినమనుకో, అది బతకది."

మూడు నిమిషాలు మాట్లాడింది. జీవితంలో అన్ని హాజర్లకూ కలిపి అన్ని మాటలు మాట్లాడి ఉండదు. మాధవీలత గారు నోరు తెరుచుకుని వింటోంది. ఖాదర్‌ భాయ్‌ రబ్బరు సాగదీయడం మరిచిపోయాడు.

సరిగ్గా అప్పుడు మేకప్‌ గదిలో ఒక సహాయకుడికి అంతరాయం బోర్డు కనిపించింది. వారం నుంచి అది కోడిపిల్లల అట్టపెట్టె మీద మూతగా ఉంది. అతను దాన్ని లాక్కుని పరుగెత్తాడు. పెట్టె వెనకాల ఒరిగిపోయింది. స్టూడియో తలుపు తెరుచుకుంది. లోపల గంపలో తల్లి 'కొక్కొక్కొక్‌' అంటోంది.

వారం వయసున్న ఎనిమిది కోడిపిల్లలు, పౌడరు డబ్బాల మధ్య పెరగడం వల్ల గులాబిరంగు చెంపలతో, వైర్ల మీంచి దూకుతూ వరుసగా వచ్చి ఎనిమిది జిల్లాల ముందు తల్లి రెక్కల కింద దూరాయి.

"ఇవేంటి?" అంది మాధవీలత గారు, అనుమతి సంగతి మరిచి.

పుష్పలీల తల పైకెత్తింది. అద్దాల గదిలో పరాంకుశం గారు రెండు చేతులూ తల మీద పెట్టుకుని కనిపించారు. ఆయన ముఖం చూస్తే, పెంకులోంచి రాలేక కొట్టుకుంటున్న పిల్లను చూసినట్టే జాలేసింది.

"ఇవి పొదిగి ఇరవై ఒక్క దినానికి పుట్టినయ్‌ మేడం. కోడికి ఇరవై ఒకటే. ఇయ్యాల్టికి వీటికి ఏడు దినాలు. రెండూ కలిపితే ఇరవై ఎనిమిది." అద్దాల గది వైపు మళ్లీ చూసింది. "సార్లు ఏడు దినాలు ఎక్కువ లెక్క కట్టిన్రు, గంతే."

అప్పటికి అంతరాయం బోర్డు మూడో కెమెరా ముందుకు చేరింది. అయితే తలకిందులుగా.

---

విచారణ సంఘం ఆరుసార్లు సమావేశమైంది. ఇరవై ఒకటి ప్రసారమైపోయింది. పద్నాలుగో సర్క్యులర్‌ ప్రకారం ఈ కేంద్రం నుంచి ప్రసారమైన జవాబు సరైనదై ఉండి తీరాలి. ఇరవై ఎనిమిదీ ప్రసారమైంది, అదీ సరైనదై ఉండి తీరాలి. సంఘం నిర్ణయం ఇలా వెలువడింది:

"కోడి పొదుగు కాలము ఇరవై ఒక్క రోజులు. తదుపరి ఏడు రోజులు ధ్రువీకరణ కాలము. వెరసి ఇరవై ఎనిమిది. ఉభయ అభ్యర్థులును సరియైన వేర్వేరు జవాబులు చెప్పియున్నందున ఉభయులును విజేతలే."

విజేతలు ఇద్దరు, బహుమతి ఒకటి. ఫైలు తిరగేస్తే బహుమతి రెండు వరుసల్లో ఉంది. ఒకటో వరుసలో అద్దాల అలమర. రెండో వరుసలో పుస్తకాలు, రెండు వందలు. వేగాన్ని బట్టి శీఘ్రగతికి ఒకటో వరుస, మందగతికి రెండో వరుస అని పరాంకుశం గారు స్వయంగా రాసి సంతకం చేశారు.

కోడికి ఒప్పందం ముగిసింది. ఖాదర్‌ భాయ్‌ దాన్ని పిల్లలతో, గుడ్లతో సహా ఇంటికి తీసుకెళ్లాడు. కాన్వెంటు వాళ్ల ఆఫీసు గదిలో ఖాళీ అలమర తళతళలాడుతోందనీ, దాన్ని చూస్తే తనకు నవ్వొస్తోందనీ, అసలు సంగతేమిటంటే ఆ పూట ఖాదర్‌ భాయ్‌ దగ్గర అడిగి తెచ్చుకున్న ఏడు దినాల గుడ్డును ఇంట్లో బల్బుకు అడ్డంగా పట్టి చూస్తే చుక్క కనిపించిందనీ శ్రీకర్‌ ఒక కార్డు రాశాడు.

పుస్తకాలు ఇరవై ఎనిమిది రోజుల్లో చేరతాయని కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. చేరేసరికి ఏడు నెలలు పట్టింది. నాలుగు గోనె సంచుల్లో, ఎడ్లబండి మీద, తొలకరి జల్లు పడుతుండగా వచ్చాయి. బడి రేకులు ఎక్కడికక్కడ కారుతున్నాయి. రేకు పెట్టెలో పట్టేవి ఇంకో పదో పన్నెండో.

"మా ఇంటికి తోలుండ్రి సారూ," అంది బుచ్చమ్మ. టీవీలో మనవరాల్ని చూసినప్పటి నుంచి ఆమె ఊళ్లో ఎవరితోనైనా గొంతు పెంచే మాట్లాడుతోంది. మనవరాలితో మాత్రం, "అంత మంచిగనే చెప్పినవ్‌ గని, ఉరుములకు గుడ్లు మురగకుంట గంపల ఇనుప ముక్క ఎయ్యాల్నని చెప్పకపోతివి. సగం విద్య చెప్పొచ్చినవ్‌," అని రోజుకోసారి దెప్పుతోంది.

ఇంట్లో చూరు కింద పొడి నేల మీద సంచులు విప్పి పుస్తకాలు పేర్చారు. బుచ్చమ్మ తన కోడిగంపలు మూడూ తెచ్చి వాటి మీద బోర్లించింది. ఇంకో అరక్షణం ఆలోచించి, ఒక్కో గంప కింద ఒక్కో ఇనుప ముక్క పెట్టింది. గంప బోర్లించి కనిపించగానే పొదుగుకొచ్చిన నల్లకోడి ఎగిరి పైన కూర్చుంది.

బుచ్చమ్మ కోడిని చూసింది. పుస్తకాల్ని చూసింది.

"గివి ఎన్ని దినాలకు పిల్లలైతయే?"

"రెండు వందలున్నయ్‌ నాయినమ్మా. ఒక్కదాని తర్వాత ఒక్కటి పొదగాలె. తొందరపడొద్దు."

"అయితే తారీకు రాయి."

పుష్పలీల డైరీ తెరిచి తారీకు రాసింది. గంప ఎత్తి చేతికందిన మొదటి పుస్తకం తీసుకుంది. డైరీలో తారీకు కింద ఖాళీ వదిలిన చోట బుచ్చమ్మ పొయ్యి మసిలో అద్దిన బొటనవేలు గట్టిగా ఒత్తింది.